గాలికాలం మొదలైతే ఆగని తుమ్ములు: సీమ పిల్లల్లో సీజనల్ ఎలర్జీ

అనంతపురంలోనో కడపలోనో కర్నూలులోనో పిల్లల డాక్టరు గది ముందు కూర్చున్న తల్లుల చేతుల్లో తరచూ ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పాత చీటీలు, సగం మిగిలిన సిరప్ సీసా, ఎప్పుడో తీయించిన ఛాతీ ఎక్స్‌రే. ఆ చీటీలన్నిటినీ తారీఖుల వరుసలో పేర్చి చూస్తే చాలామంది పిల్లల విషయంలో ఒక సంగతి బయటపడుతుంది. బడి తెరిచాక జూన్, జూలైలో రెండు చీటీలు. దసరా, దీపావళి మధ్య రెండో మూడో. సంక్రాంతి ముందు మరొకటి. మిగతా నెలల్లో దాదాపు ఏమీ ఉండదు. పోయినేడాది చీటీలు చూసినా అవే నెలలు. ప్రతిదాని మీదా జలుబు, దగ్గు అనే రాసి ఉంటుంది, కింద అయిదు రోజుల యాంటీబయాటిక్, ఒక సిరప్.

ఇంట్లో వాళ్లు వీటిని ఏడాదికి ఆరేడు పడిశాలుగా లెక్క వేసుకుంటారు. "మావాడికి ఒంట్లో శక్తి లేదు, ఊరికే పడిశం పడతాది" అని దిగులు పడతారు. కానీ ఏటా అదే నెలల్లో, జ్వరం లేకుండా, యాంటీబయాటిక్‌తో సంబంధం లేకుండా వచ్చి పోయేది చాలాసార్లు ఒకే జబ్బు. దాని పేరు ఎలర్జిక్ రైనైటిస్, అంటే ముక్కు ఎలర్జీ. ఒకే జబ్బని గుర్తించనంత కాలం ప్రతిసారీ కొత్తగా వైద్యం మొదలవుతుంది, మళ్లీ ఆగిపోతుంది. గుర్తిస్తే ఆ నెలలు రాకముందే సిద్ధం కావచ్చు. సీమ పిల్లల విషయంలో ఈ ముందుచూపే అన్నిటికంటే తక్కువగా జరుగుతోంది.

రెండిటికీ తేడా పోల్చడం మరీ కష్టమేమీ కాదు. మామూలు పడిశం వైరస్ వల్ల వస్తుంది. ఒళ్లు వెచ్చబడుతుంది, గొంతు నొప్పి పుడుతుంది, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఎలర్జీలో జ్వరం ఉండదు. ముక్కు నుంచి తేటగా నీళ్లు కారుతాయి. నిద్ర లేవగానే వరసపెట్టి తుమ్ములు వస్తాయి, బడికి పోయే వేళకు కాస్త సర్దుకుంటాయి. అసలైన గుర్తు దురద. ముక్కులో, కళ్లలో, అంగిట్లో, చెవి లోపల. చిన్నపిల్లలకు దాన్ని మాటల్లో చెప్పడం రాదు. అరచేత్తో ముక్కు కొనను కింది నుంచి పైకి తోస్తుంటారు. నెలల తరబడి అలా తోయగా తోయగా ముక్కు మీద, మెత్తటి భాగం దగ్గర, అడ్డంగా సన్నటి గీత పడుతుంది. అంగిలి దురద తీర్చుకోవడానికి నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేస్తారు. కళ్ల కింద నల్లటి నీడలు వస్తాయి. రక్తం తక్కువైందని టానిక్ తాగిస్తారు గానీ, చాలామందిలో అది ముక్కు లోపలి వాపు వల్ల కళ్ల కింద రక్తం నిలిచి కమిలిన రంగు. రాత్రి నోరు తెరుచుకుని పడుకోవడం, గురక పెట్టడం కూడా ఇందులో భాగమే.

చీమిడి చిక్కబడి పచ్చగా మారితే ఇన్‌ఫెక్షన్ అని చాలామంది నమ్ముతారు. రంగు ఒక్కటే దేనికీ రుజువు కాదు. వైరస్ పడిశంలోనూ మూడో నాలుగో రోజుకు చీమిడి పచ్చబడుతుంది.

వయసు కూడా చూడాలి. గాలిలో ఎగిరే పుప్పొడికి ఎలర్జీ పుట్టాలంటే పిల్లల ఒంటికి అది కొన్ని సీజన్ల పాటు తగలాలి. అందుకే రెండేళ్ల లోపు పిల్లల్లో సీజనల్ ఎలర్జీ అరుదు. ఆ వయసులో తరచూ వచ్చే పడిశాలు ఎక్కువగా వైరస్‌లే, బడికి పోయే అన్నో అక్కో ఇంటికి మోసుకొచ్చినవి. నాలుగైదేళ్లు దాటాక, బడి వయసులో, ఎలర్జీ అసలు రూపం కనిపిస్తుంది. తల్లికో తండ్రికో ఉబ్బసం, తుమ్ముల జబ్బు, గజ్జి లాంటి ఎగ్జిమా ఉంటే అవకాశం ఇంకా పెరుగుతుంది. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థ పుప్పొడి రేణువునో బూజు కణాన్నో శత్రువుగా పొరబడి ఐజీఈ అనే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. మళ్లీ అదే రేణువు తగిలినప్పుడు ముక్కు పొరల్లోని కణాలు హిస్టమిన్ వదులుతాయి. తుమ్ము, నీరు, దురద, వాపు అన్నీ అక్కడి నుంచే.

ఇక మన క్యాలెండర్. ఎలర్జీ గురించి చదివే పుస్తకాలన్నీ వసంతకాలం, పూలు, పుప్పొడి అంటాయి. చలి దేశాల లెక్క అది. మంచు కరిగాక చెట్లన్నీ ఒక్కసారిగా పూస్తాయి కాబట్టి అక్కడ ఏప్రిల్, మే నెలలు గడ్డుకాలం. ఇక్కడ ఉగాదికి వేపచెట్టు నిండా పూత వచ్చినా ఆ పుప్పొడిని మోసేది ఎక్కువగా తేనెటీగలు, పురుగులు. కళ్లకు అందంగా కనిపించి వాసన వెదజల్లే పూలు సాధారణంగా పెద్ద దోషులు కావు. గాలిని నమ్ముకుని బతికే మొక్కలు వేరే. వాటి పూలు పూలలాగే కనిపించవు: గడ్డి కంకులు, జొన్న కంకులు, రోడ్డు పక్క కలుపు. వాటి పుప్పొడి కంటికి కనపడనంత సన్నం, తేలిక. ఎంత దూరమైనా కొట్టుకుపోతుంది.

పైగా ఈ నేలకు గాలి ఎక్కువ. అనంతపురం పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి రుతుపవనాలు తెచ్చే నీళ్లు కనుమల అవతలే కురుస్తాయి, ఇటు మిగిలేది గాలి. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే ఆ గాలికే రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారు. రైతులు దాన్ని గాలికాలం అనే పిలుస్తారు. దుక్కి దున్నిన పొలాల మట్టి, రోడ్ల దుమ్ము, ఎండిన గడ్డి పొట్టు, పుప్పొడి అన్నీ ఆ గాలిలో కలిసి తిరుగుతాయి. సరిగ్గా అదే సమయానికి బడులు తెరుస్తారు. ఒక్క క్లాసులో యాభై మంది దగ్గర దగ్గరగా కూర్చోవడంతో వైరస్‌లూ తిరుగుతాయి. ఈ రెండూ కలిసి వస్తాయి కాబట్టే జూన్, జూలై పడిశాల్లో ఏది ఎలర్జీయో ఏది కాదో తేల్చడం కష్టమవుతుంది. తేల్చేది దురద, జ్వరం లేకపోవడం, పోయినేడాది చీటీ.

తొలకరి పడగానే మొలిచేది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. 1950ల మధ్యలో పుణె దగ్గర మన దేశంలో మొదటిసారి కనిపించిన ఈ అమెరికా కలుపు ఇప్పుడు బీడు పొలం, రైలు పట్టాల పక్క, బడి ప్రహరీ అన్న తేడా లేకుండా ఉంది. మొలిచిన నెలా నెలన్నరకే పూస్తుంది. తెల్లటి చిన్న చిన్న పూలు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, తేమ తగిలితే చాలు మళ్లీ మొలుస్తుంది. అందువల్ల వాన పడ్డ ప్రతిసారీ ఒక కొత్త పూత. ఆకు, కాండం తగిలితే చర్మం మీద దద్దురు, దురద. పుప్పొడి పీలిస్తే తుమ్ములు. ముక్కు ఎలర్జీకి ఇది కారణమని బెంగళూరు పరిశోధకులు చాలా ఏళ్ల కిందటే గుర్తించారు. దీన్ని తినే మెక్సికో పెంకు పురుగును 1980లలో తెచ్చి వదిలింది కూడా బెంగళూరులోనే. పురుగు బతికింది, ఆకులు తింటోంది, కలుపు మాత్రం పోలేదు.

ఇంకొకటి సర్కారు తుమ్మ, సీమలో కంపచెట్టు. దీని కథలో కడప జిల్లాకు ప్రత్యేక స్థానం ఉంది. 1870లలో మద్రాసు ప్రభుత్వ అటవీ అధికారులు విదేశాల నుంచి గింజలు తెప్పించి కమలాపురం ప్లాంటేషన్‌లో నాటించారు. కరువు నేలలో వంటచెరకు దొరుకుతుందన్నది వాళ్ల ఆలోచన. వంటచెరకు దొరికింది, బొగ్గుల బట్టీలు వెలిశాయి, చెట్టు చెరువు కట్టలనూ వంకలనూ ఆక్రమించింది. పసుపుపచ్చ తోకల్లాంటి పూత ఏడాదిలో ఒకసారి కంటే ఎక్కువే వస్తుంది, ఎండలు ముదిరే ముందు మరీ ఎక్కువ. దీని పుప్పొడిలో కొంత పురుగులు మోసినా కొంత గాలిలోకీ లేస్తుంది. దేశంలోని ఎండు ప్రాంతాల్లో ఎలర్జీ పుట్టించే ముఖ్యమైన పుప్పొళ్లలో దీన్ని లెక్కిస్తారు. ఫిబ్రవరి, మార్చిలో కళ్లు ఎర్రబడి దురద పెట్టే పిల్లల ఇంటి చుట్టూ కంప ఉందేమో చూడటం మంచిది.

అయితే అనంతపురం పల్లెల్లో ఎక్కువ మంది పిల్లలను ఇబ్బంది పెట్టే కాలం శెనక్కాయ పీకే కాలం. జూన్, జూలైలో విత్తిన పంట అక్టోబరు, నవంబరుకు కల్లానికి వస్తుంది. చెట్లు పీకి కుప్పలు వేస్తారు, కాయలు వలుస్తారు లేదా మిషన్‌కు పెడతారు. మిషన్ నోటి దగ్గర లేచే దుమ్ములో మట్టి మాత్రమే ఉండదు. ఎండిన ఆకు పొడి, గడ్డి పొట్టు, అన్నిటికీ మించి బూజు కణాలు ఉంటాయి. మధ్యలో ఈశాన్య వాన పడి కట్టె, అంటే కాయలు తీసేసిన ఎండు చెట్లు, తడిసిందంటే లోపల నల్లగా, బూడిదరంగుగా బూజు పడుతుంది. పశువుల కోసం ఆ కట్టెను ఇంటి వెనకే వామి వేస్తారు. చలికాలమంతా రోజూ పొద్దున వామి నుంచి కట్టె లాగుతుంటారు. ఆ పక్కనే పిల్లలు దాగుడుమూతలు ఆడుతుంటారు, వామి మీదికి ఎక్కి దూకుతుంటారు. ఇలాంటి ఇంట్లో పంట కాలం దాటినా డిసెంబరు, జనవరి దాకా తగ్గని దగ్గుకు కారణం వాకిట్లోనే ఉండొచ్చు. కర్నూలు, నంద్యాల వైపు ఆ నెలల్లోనే రబీ జొన్న కంకి వేస్తుంది. ఆదోనిలో పత్తి వస్తుంది.

పత్తి దుమ్ము, సిమెంటు దుమ్ము, బండల పొడి గురించి ఒక మాట విడిగా చెప్పాలి. తాడిపత్రి, బేతంచర్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి కోసే, పాలిష్ చేసే యూనిట్ల దగ్గర బతికే పిల్లలకు ముక్కు, గొంతు ఎప్పుడూ మండుతున్నట్టే ఉంటాయి. ఆ రాతి పొడికి ఎలర్జీ అన్న మాట వైద్యపరంగా సరికాదు. అది పొరలను గీరి మంట పుట్టిస్తుంది, ఎవరికైనా. కానీ అలా మండి ఉన్న ముక్కులోకి పుప్పొడి పోతే, ఎలర్జీ ఉన్న పిల్లల్లో బాధ ఎన్నో రెట్లు అవుతుంది. పొగ కూడా అంతే: కట్టెల పొయ్యి, బీడీ, దోమల చుట్ట, అగరుబత్తి, దీపావళి టపాసులు. పసిబిడ్డకు నీళ్లు పోశాక సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పని. ముక్కు ఎలర్జీ, ఆయాసం ఉన్న ఇంట్లో మాత్రం దాన్ని మానుకోవాల్సిందే.

ఎండాకాలంలో బయట పుప్పొడి తగ్గినా కొన్ని ఇళ్లలో తుమ్ములు ఆగవు. కర్నూలులో ఎండ 43 డిగ్రీలు దాటే రోజుల్లో గదిలో ఎయిర్ కూలర్ లేనిదే నిద్ర పట్టదు. ఆ కూలర్‌ను పోయినేడాది మే చివర్లో ఆపి, గుడ్డ కప్పి మూలన పెట్టి ఉంటారు. మార్చిలో తీసి నీళ్లు పోసి ఆన్ చేస్తారు. పక్కల ఉన్న గడ్డి మెత్తను వేలితో విడదీసి చూస్తే నల్లటి మచ్చలు, పాచి వాసన, అడుగున గట్టిపడిన తెల్లటి ఉప్పు కనిపిస్తాయి. ఆ బూజును ఫ్యాను రాత్రంతా పిల్లల మొహం మీదికి ఊదుతుంది. ఏటా కొత్త గడ్డి వేయించడం, ట్యాంకును వారానికోసారి ఖాళీ చేసి తోమి ఆరబెట్టడం, కిటికీ తెరిచి కూలర్ నడపడం, ఇవి మందు ఖర్చుతో పోలిస్తే ఏమంత ఖర్చు కావు. మూసిన గదిలో కూలర్ నడిస్తే తేమ పెరుగుతుంది. తేమ సగానికి మించితే పరుపులో, దిండులో ఉండే కంటికి కనపడని దుమ్ము పురుగులు పెరుగుతాయి. వాటి రెట్టలే ప్రపంచమంతా పిల్లల ఎలర్జీకి పెద్ద కారణాల్లో ఒకటి. సీమ ఎండు గాలి ఈ విషయంలో మనకు మేలే చేస్తుంది, దాన్ని వాడుకోవాలి. బొంతలు, దిండ్లు వారానికోసారి నడినెత్తి ఎండలో గంటల తరబడి ఆరేసి, ఇంటికి దూరంగా దులిపి, తర్వాతే లోపలికి తేవాలి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. దులిపే పని పిల్లలతో చేయించకూడదు.

ఇల్లంతా దుమ్ము లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు, ముఖ్యంగా మట్టి మిద్దె ఇళ్లలో. పైకప్పు నుంచి చవుడు రాలుతూనే ఉంటుంది. అంత ఆశ పెట్టుకుంటే వారానికే నీరసం వస్తుంది. పిల్లలు పడుకునే చోటు ఒక్కదాన్ని పట్టించుకుంటే చాలు. పక్క మీద పలచటి గుడ్డతో పందిరిలా కడితే రాలే మట్టి ఆగుతుంది. చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవాలి, అదీ పిల్లలు బయట ఉన్నప్పుడు. ఆటల నుంచి రాగానే కాళ్లూ చేతులూ మొహం కడిగించి, చొక్కా మార్చి, అప్పుడు పక్క ఎక్కనివ్వాలి. తలవెంట్రుకల్లో పుప్పొడి చిక్కుకుని దిండు మీదికి చేరుతుంది కాబట్టి గాలికాలంలో తలస్నానం రాత్రి పూట మేలు. ఆడుకోవద్దని కట్టేయడం మాత్రం తప్పు. పిల్లలు ఆడాలి. వైద్యం చేయించేది అందుకే.

వైద్యం దగ్గరికి వస్తే, మన దగ్గర ఎక్కువగా జరిగేదానికీ జరగాల్సినదానికీ చాలా దూరం ఉంది. యాంటీబయాటిక్ ఎలర్జీని తగ్గించదు. ఎలర్జీ ఎలాగూ హెచ్చుతగ్గులుగా ఉంటుంది కాబట్టి అయిదో రోజుకు తగ్గితే మందు పనిచేసిందనిపిస్తుంది. జలుబు సిరప్‌ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని సీసా మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023లో ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లో కలుషిత దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ల లోపు వారికి దగ్గు, జలుబు మందులు ఇవ్వనే వద్దని, అయిదేళ్ల లోపు వారికి సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ మరోసారి చెప్పింది. మందుల షాపులో "పిల్లోనికి పడిశానికేదైనా ఇయ్యండి" అని అడిగి తెచ్చుకునే అలవాటు ఇక ఆగాలి.

ఊళ్లో వేసే సూది ఇంకో సమస్య. ఒక్క ఇంజక్షన్‌తో నెల రోజులు తుమ్ము రాలేదంటే అది ఎక్కువ కాలం పనిచేసే స్టెరాయిడ్ అయ్యుండొచ్చు. అది ఒళ్లంతా పాకుతుంది. ప్రతి సీజన్‌కూ వేయిస్తే ఎదుగుదల, ఎముకలు, ఒంటి సొంత హార్మోన్లు దెబ్బతింటాయి. పిల్లల ముక్కు ఎలర్జీకి ఆ సూది అవసరం లేదు. విచిత్రం ఏమంటే, ఆ సూదికి భయపడని వాళ్లు కూడా ముక్కు స్ప్రే అనగానే "స్టెరాయిడంట, వద్దు" అంటారు. స్ప్రేలో ఉండే మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ ముక్కు లోపలే పనిచేస్తాయి, రక్తంలోకి పోయేది చాలా తక్కువ. వీటిలో కొన్నిటిని రెండేళ్ల వయసు నుంచే డాక్టరు సలహాతో వాడొచ్చు. నెలల తరబడి వాడేటప్పుడు డాక్టరు ఎత్తు కొలుస్తూ ఉంటే సరిపోతుంది. ముక్కు దిబ్బడ, తుమ్ము, కారడం అన్నిటి మీదా బాగా పనిచేసే మందు ఇదేనని ప్రపంచవ్యాప్తంగా వైద్య మార్గదర్శకాలు చెబుతాయి.

మరి వాడినా పనిచేయలేదనే వాళ్లు ఎందుకంత మంది? రెండు కారణాలు. ఒకటి, నాలుగు రోజులు కొట్టి ఆపేయడం. ఈ మందు పూర్తిగా పనిచేయడానికి వారం, రెండు వారాలు పడుతుంది. తుమ్ము వచ్చినప్పుడల్లా కాకుండా రోజూ వాడాలి. రెండు, కొట్టే పద్ధతి. మామూలుగా పిల్లలను వెనక్కి వాల్చి, నాజిల్ నిలువుగా పెట్టి, గట్టిగా పీల్చమంటారు. మందంతా గొంతులోకి జారిపోతుంది, చేదు తగిలి పిల్లలు మళ్లీ కొట్టించుకోరు. తల కాస్త ముందుకు వంచాలి. ముందు ముక్కు చీదాలి లేదా ఉప్పునీటి చుక్కలతో కడగాలి. పిల్లలే కొట్టుకునేటప్పుడు కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టుకోవాలి. అప్పుడు నాజిల్ దానంతటదే మధ్య గోడకు దూరంగా, అదే వైపు కంటి బయటి మూల దిక్కుకు తిరుగుతుంది. నెమ్మదిగా ఊపిరి పీలిస్తే చాలు. మధ్య గోడకు తగిలేలా కొడితే ముక్కు నుంచి రక్తం వస్తుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, మందు మూలన పడుతుంది. పక్కనే నిలబడి ఒక్కసారి చేయించి చూపే నర్సు ఉంటే ఇదంతా రెండు నిమిషాల పని.

దురద, తుమ్ములు ఎక్కువగా ఉన్నప్పుడు సెటిరిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి, హిస్టమిన్‌ను అడ్డుకునే కొత్త తరం మందులు ఉపయోగపడతాయి. డోసు వయసును, బరువును బట్టి డాక్టరు చెప్పాలి. పాత తరం మందులు మత్తు తెస్తాయి. రాత్రి ముక్కు మూసుకుపోయి నిద్ర పట్టని పిల్లవాడికి పగలు కూడా మత్తు మందు ఇస్తే క్లాసులో ఏం వింటాడు? మన దగ్గర విరివిగా రాసే లెవోసెటిరిజిన్, మాంటెలుకాస్ట్ జంట మందు గురించి తల్లిదండ్రులకు తెలిసి తీరాలి. మాంటెలుకాస్ట్ వాడిన కొందరిలో పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు, దిగులు కనిపించడంతో అమెరికా ఔషధ సంస్థ 2020లో దానికి తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను జోడించింది. వేరే మందులతో తగ్గని ముక్కు ఎలర్జీకే దాన్ని ఉంచుకోమంది. పిల్లలు ఉన్నట్టుండి నిద్రలో కేకలు పెడుతున్నా, మొండిగా మారినా డాక్టరుకు ఆ మందు పేరు చెప్పాలి. ముక్కు దిబ్బడ వెంటనే వదిలించే ఆక్సీమెటజోలిన్ లాంటి చుక్కలను మూడు నుంచి అయిదు రోజులు మించి వాడితే దిబ్బడ తిరగబెడుతుంది.

ఇంటి వైద్యంలో ఉప్పునీటి చుక్కలు మంచివి, ఏ వయసుకైనా. ఆవిరి పట్టడంలో మేలు కంటే వేడినీళ్ల గిన్నె ఒళ్లో ఒలికి కాలే ప్రమాదమే ఎక్కువ. కర్పూరం మూట కట్టి పసిబిడ్డల మెడలో వేయడం, ఛాతీకి రాయడం అసలు చేయకూడదు. కర్పూరం లోపలికి పోతే ఫిట్స్ వస్తాయి.

తిండి దగ్గర జరిగే అన్యాయం ఎక్కువ. తుమ్ములు మొదలైతే ముందు పెరుగు ఆపేస్తారు, తర్వాత అరటిపండు, జామ, నిమ్మ, గుడ్డు. పుప్పొడికి వచ్చే తుమ్ములకు వీటితో సంబంధం చాలా అరుదు. పప్పు, పెరుగు, గుడ్డు మీదే బతికే వయసులో ఏడాదిలో ఆరు నెలలు అవి ఆపితే పిల్లలు నిజంగానే బలహీనపడతారు. వేల రూపాయలు పోసి చేయించే పెద్ద పెద్ద రక్తపరీక్షలు ఈ పొరపాటును ఇంకా పెంచుతాయి. రిపోర్టులో పదో పదిహేనో ఆహారాల పక్కన గుర్తు కనిపిస్తే అన్నీ మానిపిస్తారు. తిన్నప్పుడు ఏ బాధా లేకపోతే ఆ గుర్తుకు అర్థం లేదు. మొత్తం ఐజీఈ ఎక్కువ ఉందని భయపెట్టడమూ అంతే, కడుపులో నులిపురుగులు ఉన్నా అది పెరుగుతుంది.

ముక్కును నిర్లక్ష్యం చేయకూడదనడానికి అసలు కారణం ఊపిరితిత్తులు. ముక్కు, ఊపిరి గొట్టాలు ఒకే దారి. ముక్కు ఎలర్జీ ఉన్న పిల్లల్లో ఉబ్బసం వచ్చే అవకాశం ఎక్కువ, ఉబ్బసం ఉన్న వారిలో అత్యధికులకు ముక్కు ఎలర్జీ ఉంటుంది. తెల్లవారుజామున దగ్గు, పరిగెత్తాక దగ్గు, పిల్లికూతలు కనిపిస్తే ముక్కు ఒక్కటే చూసి పంపే డాక్టరు దగ్గర ఆగకూడదు. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో పిల్లల విభాగం, చెవి-ముక్కు-గొంతు విభాగం రెండూ ఉన్నాయి. పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

ఉబ్బసానికి పీల్చే పంపు, అంటే ఇన్‌హేలర్, అలవాటైపోతుందన్న భయం సీమలో చాలా గట్టిది. ఆడపిల్ల అయితే పెళ్లి సంబంధాల దాకా ఆలోచించి దాచిపెడతారు. ఇన్‌హేలర్‌కు బానిస కావడమంటూ ఏమీ ఉండదు. సిరప్‌లో మిల్లీగ్రాముల్లో పోయే మందు ఇక్కడ మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తికి చేరుతుంది. ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టంతో చిన్నపిల్లలూ తేలిగ్గా పీలుస్తారు. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ పోయి చేప మందు మింగించే కుటుంబాలు ఇక్కడా ఉన్నాయి. అది ఉబ్బసం తగ్గిస్తుందని శాస్త్రీయ రుజువు లేదు. దాన్ని నమ్మి ఇన్‌హేలర్ ఆపేయడం ప్రాణాల మీదికి తెస్తుంది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే గాలికాలం మొదలవుతుంది.

ముక్కు ఎలర్జీ వల్ల బడిలో జరిగే నష్టం బయటికి కనిపించదు. ముక్కు వెనక వాపు వల్ల చెవి లోపల నీరు చేరితే వినికిడి తగ్గుతుంది. వెనక బెంచీ పిల్లవాడు పలకకపోతే పరధ్యానం అనుకుంటారు. చాక్‌పీస్ దుమ్ము లేచే బోర్డుకు కాస్త దూరంగా, కంపచెట్లున్న వైపు కిటికీకి పక్కగా కాకుండా కూర్చోబెట్టడం టీచరు చేతిలో ఉన్న పని. పదో తరగతి పరీక్షలు కంప పూత కాలంలోనే వస్తాయి కాబట్టి ఆ ఏడాది సంక్రాంతి తర్వాతే ఒకసారి డాక్టరును కలవడం మంచిది.

ముందుగా మొదలుపెట్టడం అంటే ఇదే. ఇంట్లో గోడ మీద వేలాడే తెలుగు క్యాలెండర్‌లోనే, తుమ్ములు ఎక్కువైన రోజున ఒక గుర్తు, ఆయాసం వచ్చిన రోజున ఇంకో గుర్తు పెట్టుకుంటే చాలు. ఆ పక్కనే ఆ రోజు జరిగినది రాయాలి: కట్టె లాగారు, కూలర్ పెట్టారు, పెద్ద గాలి వచ్చింది. ఏడాది తిరిగేసరికి పిల్లల నెలలు ఏవో స్పష్టంగా తెలుస్తాయి. ఆ నెలలకు రెండు వారాల ముందు స్ప్రే మొదలుపెట్టి, సీజన్ దాటాక డాక్టరు చెప్పినట్టు ఆపితే, చాలామందికి ఆ ఏడాది యాంటీబయాటిక్ అవసరమే రాదు. వారంలో నాలుగు రోజులు, వరసగా నాలుగు వారాలు మించి బాధ ఉంటే దాన్ని దీర్ఘకాలిక రకంగా లెక్కించి ఇంకా నెలలు వాడమంటారు. ఇదంతా సరిగ్గా చేసినా తగ్గని పిల్లలకు, సాధారణంగా అయిదేళ్లు దాటాక, చర్మ పరీక్షతో కారణం తేల్చి, ఎలర్జీ పుట్టించేదాన్నే కొద్దికొద్దిగా మూడు నుంచి అయిదేళ్ల పాటు ఇచ్చి ఒంటికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ ఉంది. ఖర్చుతో, ఓపికతో కూడిన పని, ఎలర్జీ నిపుణుల దగ్గరే చేయించాలి.

కొన్ని పనులు ఒక్క కుటుంబం వల్ల కావు. బడి తెరిచిన జూన్ రెండో వారం నుంచి జూలై మధ్య దాకా వయ్యారిభామ పూతకు రాని లేత దశలో ఉంటుంది. అప్పుడు పీకితే పుప్పొడీ ఉండదు, గింజా రాలదు. చాలా బడుల్లో ఆగస్టు 15 దగ్గర పడ్డాక, మొక్క నిండా పూసి ఉన్నప్పుడు, శుభ్రం చేయమని పిల్లలనే వంచుతారు. ఉత్త చేతులతో. ఆ పని నెల ముందు, పంచాయతీ మనుషులతో, చేతి తొడుగులు, మూతి గుడ్డలు ఇచ్చి చేయించడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. జూన్‌లో జరిగే మొదటి తల్లిదండ్రుల సమావేశంలో ఎవరో ఒకరు లేచి అడగాలి.